‘ప్రొటెస్ట్’, ‘నిరసన’ : కోనసీమ పంట విరామము

2011వ సంవత్సరమున అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల రైతులు అనేకులు సార్వా వరిని నాటక పొలములను బీడు పెట్టిరి. ఈ చర్యకు ‘క్రాప్ హాలిడే’ అనియు, ‘పంట విరామము’ అనియు పేళ్లు వాడుకకు వచ్చెను. పేరును మాత్రమే చూచినవారికి రైతు విశ్రమించెనని తోచును. అది విశ్రాంతి కాదు, నిరసన. చరిత్ర వ్రాయువాడు పేరును చూచి మోసపోకుండుటకు ఈ పదముల అర్థవిచారము అవసరము.

ఇంగ్లీషున ‘ప్రొటెస్ట్’ అను క్రియ లాటిను భాషనుండి వచ్చినది. ఆ భాషలో ‘తెస్తిస్’ అనగా సాక్షి. పదిమంది యెదుట సాక్ష్యము పలుకుటయే ఈ క్రియకు మూలార్థము. కావుననే నిందితుడు తన నిర్దోషిత్వమును ‘ప్రొటెస్ట్’ చేసెననగా, దానిని కాదనెనని కాదు, నొక్కి చెప్పెనని అర్థము. 1529లో స్పెయరు సభయందు జర్మను ప్రభువులు కొందరు చేసిన ప్రకటనమునుండియే ‘ప్రొటెస్టెంటు’ అను పేరు పుట్టినది. ఎదిరించుట అను అర్థమున బ్రిటిషువారు ఈ క్రియకు ‘అగెనెస్ట్’ అను పదమును చేర్తురు; అమెరికనులు అది లేకయే ప్రయోగింతురు.

మన ‘నిరసన’ నడచిన త్రోవ వేఱు. క్షేపణార్థకమైన ‘అస్’ ధాతువునకు ‘నిర్’ అను ఉపసర్గ చేరగా, త్రోసివేయుట అను అర్థము సిద్ధించినది. కావ్యభాషలో నిరసించుట యనగా తిరస్కరించుట, తృణీకరించుట. ‘ఆక్షేపణ’లోను విసరుటయే మూలార్థము. ‘మొఱ’ యన్ననో, పైవానితో చెప్పుకొనునది. వీనిలో నెచ్చటను సాక్షి లేడు. అయితే నేటి వాడుకలో ‘నిరసన తెలుపు’ అందుము. ‘తెలుపు’ అను క్రియ చేరుటచే తిరస్కారము బహిరంగ ప్రకటనమైనది. ‘ప్రొటెస్ట్’ మూలార్థమునకు మన పదము ఈ విధముగా చేరువైనది.

కోనసీమ ఉదంతమున ఈ రెండర్థములును కలిసినవి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి డెల్టా కాలువల సేద్యమునకు ప్రసిద్ధికెక్కినది. అట్టి సీమలో రైతు తానై పొలమును బీడు పెట్టుట సామాన్యము కాదు. కూలి, ఎరువుల ఖర్చులు పెరిగెను. మురుగు కాలువలు పూడి చేలు ముంపునకు గురియగుచుండెను. 2011-12లో సాధారణ రకము ధాన్యమునకు మద్దతు ధర క్వింటాలుకు 1080 రూపాయలు. స్వామినాథన్ సంఘము సూచించినట్లు సాగు ఖర్చుపై సగము అదనముగా చేర్చి ధర నిర్ణయింపవలెనని రైతులు కోరిరి. గిట్టని సేద్యమును త్రోసిపుచ్చుట నిరసన. బీడుపొలమును లోకమునకు చూపుట సాక్ష్యము. ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన విచారణ సంఘమును నియమించుటచే ఆ సాక్ష్యము అధికార పత్రములకెక్కినది. 2022లో మరల ఇదే సీమలో పంట విరామపు పిలుపు వినవచ్చెను.

ఒక్క విషయము మఱవరాదు. నాట్లు లేనినాడు వ్యవసాయ కూలికి పని లేదు. విరామము ప్రకటించినవాడు పొలముగలవాడు. దాని నష్టమును పంచుకొన్నవారిలో పొలములేనివాడును కలడు. ‘విరామము’ అను పదము మొదటివాని నిరసనను కప్పుచున్నది. రెండవవాని పస్తును బొత్తిగా చెప్పుటలేదు. ఈ పదమును చదువునపుడు ఆ యిరువురి సాక్ష్యమును వినవలసియున్నది.