కుమారుడు తండ్రితో సమానుడా?

మన ఇళ్లలో చాలాచోట్ల అన్న చర్చికి వెళితే తమ్ముడు విహారానికి వస్తాడు. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చున్నప్పుడు మనవాళ్ల నోటివెంట తరచుగా వచ్చే మాట ఒకటుంది: "మీకు ముగ్గురు దేవుళ్లు కదా!" ఆ మాట సరికాదు. క్రైస్తవుల్లో అత్యధికులు దేవుడు ఒక్కడేనని, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే ముగ్గురు వ్యక్తులుగా ఉన్నాడని నమ్ముతారు. దీన్నే త్రిత్వం అంటారు. ఈ సిద్ధాంతం స్థిరపడడం వెనుక పెద్ద తగవే నడిచింది.

నాలుగో శతాబ్దం ఆరంభంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో అరియస్ అనే మతగురువు, కుమారుణ్ణి తండ్రే కలుగజేశాడు కనుక ఆయన తండ్రితో సమానుడు కాడని బోధించాడు. కుమారుడు కూడా సృష్టిలో ఒకడైతే మనుషుల్ని ఎలా రక్షిస్తాడని అథనాసియస్ ఎదురు ప్రశ్న వేశాడు. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నైసియాలో బిషప్పుల సభ పిలిచాడు. తండ్రీ కుమారుల సారం ఒక్కటేనని సభ తీర్మానించింది. అరియస్‌కు దేశబహిష్కారం పడింది. అంతటితో వాదం ఆగలేదు. కాన్‌స్టంటైన్ కొడుకు కాన్‌స్టాంటియస్ అరియస్ పక్షానికి మొగ్గాడు. చక్రవర్తులు మారే కొద్దీ అథనాసియస్ మొత్తం ఐదుసార్లు ప్రవాసం పోవలసి వచ్చింది. చివరికి 380లో థియొడోసియస్ త్రిత్వ విశ్వాసాన్ని రాజశాసనం చేశాడు. మరుసటి ఏడు కాన్‌స్టాంటినోపుల్ సభ దాన్ని స్థిరపరిచింది.

రాజముద్ర పడ్డాక భిన్నాభిప్రాయం నేరమైంది. త్రిత్వాన్ని కాదన్న మైకేల్ సెర్వెటస్‌ను 1553లో జెనీవా నగరపాలకులు సజీవంగా దహనం చేశారు. ఇందుకు భిన్నంగా 1568లో ట్రాన్సిల్వేనియాలోని టోర్డా సభ, బోధకులు తమకు అర్థమైన రీతిలో బోధించుకోవచ్చని ప్రకటించింది. ఏకదేవ వాది ఫ్రాన్సిస్ డేవిడ్‌కు అది అండగా నిలిచింది. పాలకుడు మారాక 1579లో ఆయన కూడా చెరసాలలోనే మరణించాడు.

వేలెత్తి చూపే ముందు మన చరిత్రనూ గుర్తు చేసుకోవాలి. సంఘాన్ని చీల్చే భిక్షువుకు తెల్లబట్టలు కట్టించి బయటికి పంపాలని అశోకుడూ శాసనం వేయించాడు. అందులో ప్రాణం తీసే శిక్ష లేదు. అయినా సంఘం లోపలి తగవులో రాజు చేయి పెట్టిన మాట నిజం.

ఆ పాత ప్రశ్న నేటికీ బతికే ఉంది. యెహోవా సాక్షులు త్రిత్వాన్ని ఒప్పుకోరు. ఏకత్వ పెంతెకొస్తు సంఘాలవారు ఆ మూడు పేర్లూ యేసు ఒక్కడివేనంటారు. అందరూ చూపేది ఒకే బైబిల్‌ను. సృష్టికర్తను ఒప్పుకోని మనం ఈ తగవుకు తీర్పరులం కాము. ఈసారి అరుగు మీద కూర్చున్నప్పుడు, "అన్నా, మీ సంఘం ఏమంటుంది?" అని అడిగి, చెప్పేది విందాం.