పాటలకన్నా ఎక్కువ తిరిగిన టీషర్టు

ఇవాళ్టి ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక నల్ల టీషర్టు చరిత్ర చెప్పుకుందాం.

ఈ టీషర్టుని మీరు మాల్‌లోనో, కాలేజీలో ఎవరి ఒంటిమీదో చూసే ఉంటారు. నల్ల గుడ్డ మీద తెల్లటి గుండ్రటి ముద్ర, మధ్యలో రెక్కలు చాపిన గద్ద, పైన పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో 'రమోన్స్'. చాలామంది అది బట్టల కంపెనీ పేరనుకుంటారు. కానీ అది ఒక బ్యాండ్ పేరు. గద్ద చుట్టూ ఉన్న నాలుగు పేర్లూ ఆ బ్యాండ్ సభ్యులవి.

1974, న్యూయార్క్‌లోని ఫారెస్ట్ హిల్స్. జానీ, జోయి, డీ డీ, టామీ అనే నలుగురు కుర్రాళ్ళు బ్యాండ్ పెట్టారు. అన్నదమ్ములు కాకపోయినా నలుగురూ 'రమోన్' అని ఒకే ఇంటిపేరు తగిలించుకున్నారు. సీబీజీబీ అనే చిన్న క్లబ్బులో వాయించేవాళ్ళు. ఒక్కో పాట రెండు నిమిషాలు, అంతే. ఊపిరి తీసుకునే లోపు అయిపోయేది. ఆ సంగీతాన్నే తర్వాత పంక్ రాక్ అన్నారు. 1976లో సుమారు 6,400 డాలర్ల ఖర్చుతో మొదటి ఆల్బమ్ తెచ్చారు. అది అమెరికా చార్టులో 111వ స్థానం దాటి పైకి రాలేదు. అంటే, రికార్డులు అమ్ముకుని బతికే పరిస్థితి లేదన్నమాట.

ఇక్కడ కథలోకి ఆర్టురో వేగా వస్తాడు. మెక్సికోలో పుట్టిన చిత్రకారుడు. క్లబ్బుకి దగ్గర్లోనే ఉండేవాడు. జోయి, డీ డీ కొంతకాలం ఆయన దగ్గరే తలదాచుకున్నారు. ఒకసారి వాషింగ్టన్ వెళ్ళినప్పుడు అమెరికా అధ్యక్షుడి అధికార ముద్ర ఆయన్ని పట్టేసింది. దాన్నే బ్యాండ్ కోసం మార్చి గీశాడు. అసలు ముద్రలో గద్ద ఒక కాలితో ఆలివ్ కొమ్మ, ఇంకో కాలితో బాణాలు పట్టుకుంటుంది. వేగా ఆలివ్ తీసేసి యాపిల్ కొమ్మ పెట్టాడు. బాణాల స్థానంలో బేస్‌బాల్ బ్యాట్ పెట్టాడు, ఎందుకంటే జానీకి ఆ ఆటంటే ప్రాణం. జేబులో డబ్బుల్లేని కుర్రాళ్ళకి ఏకంగా ప్రెసిడెంట్ ముద్ర! అదీ సరదా.

బ్యాండ్ల పేరుతో వస్తువులు అమ్మడం అప్పటికి కొత్తేం కాదు. 1956లోనే ఎల్విస్ ప్రెస్లీ పేరుతో లిప్‌స్టిక్కులు కూడా వచ్చాయి. బీటిల్స్ దగ్గరికొచ్చేసరికి, వాళ్ళ మేనేజర్ పక్షం మొదట ఒప్పుకున్న వాటా 10 శాతమే. మిగతా 90 శాతం వస్తువులు అమ్మించే కంపెనీకి పోయింది! పెద్దవాళ్ళకి అది అదనపు ఆదాయం. రమోన్స్‌కి మాత్రం అది అన్నం. ఊరూరా తిరగడానికి టీషర్టుల డబ్బే ఆసరా అయింది. రికార్డులకన్నా టీషర్టులే ఎక్కువ అమ్ముడయ్యాయని వాళ్ళ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

సరే, బ్యాండ్ ఎందుకు అమ్మిందో అర్థమైంది. మరి జనం ఎందుకు కొన్నారు?

ఒక్కసారి 1977లోకి వెళ్ళండి. చేతిలో ఫోన్ లేదు, స్టోరీ పెట్టడం లేదు. షో అయ్యాక మిగిలేది చెవుల్లో హోరు, జేబులో చిరిగిన టికెట్ ముక్క. రికార్డు ఎవరైనా కొనుక్కోవచ్చు. షో దగ్గర కొన్న చొక్కా మాత్రం "ఆ రాత్రి నేను అక్కడున్నాను" అని చెబుతుంది. మనకిది తెలియని సంగతి కాదు. తిరనాళ్ళకి పోయి వట్టిచేతులతో ఎవరొస్తారు? జీడ్లో, గాజులో తెచ్చుకుంటాం. మీ తాతయ్యలు సినిమాకి వెళ్తే హాలు దగ్గర పాటల పుస్తకం కొనుక్కునేవాళ్ళు. అదీ అలాంటిదే.

పైగా ఆ బ్యాండ్‌లో మనుషులు మారినప్పుడు ముద్రలో పేర్లూ మారేవి. 1978లో టామీ స్థానంలో మార్కీ వచ్చాడు. కాబట్టి అప్పట్లో కొన్న చొక్కా మీద పేర్లు చూస్తే అది ఏ కాలం నాటిదో పోల్చుకోవచ్చు.

ఇంకో విషయం. ఈ బొమ్మలు ఎక్కువగా స్క్రీన్ ప్రింటింగ్‌తో వేసేవాళ్ళు. మన దగ్గర శుభలేఖలు వేసే పద్ధతే. చట్రానికి బిగించిన సన్నటి వల గుండా రంగుని గుడ్డ మీదకి నొక్కుతారు. ఉతికే కొద్దీ ఆ రంగు పగుళ్ళిస్తుంది, మెడ దగ్గర గుడ్డ వదులవుతుంది. అమ్మ దాన్ని ఇల్లు తుడిచే గుడ్డ చేసేద్దామంటుంది. మనం ఇవ్వం. ఎందుకంటే ఆ పగుళ్ళు మనం వేసుకున్న రోజుల లెక్క.

1996 ఆగస్టు 6న లాస్ ఏంజిలస్‌లో రమోన్స్ చివరి షో చేశారు. అది వాళ్ళ 2,263వ షో. తర్వాత 2001లో జోయి, 2002లో డీ డీ, 2004లో జానీ పోయారు. 2006లో సీబీజీబీ మూతపడింది. తర్వాత ఆ చోట ఒక బట్టల షాపు వచ్చింది! 2013లో వేగా కూడా పోయాడు. మొదటి ఆల్బమ్‌కి అమెరికాలో గోల్డ్ గుర్తింపు, అంటే 5 లక్షల కాపీల గుర్తింపు, 2014 ఏప్రిల్‌లో వచ్చింది. 38 ఏళ్ళకి. అప్పటికి నలుగురిలో టామీ ఒక్కడే మిగిలాడు. ఆ జులైలో ఆయనా వెళ్ళిపోయాడు.

అందుకే పాత అభిమానులకి మాల్‌లో ఆ చొక్కా కనబడితే మనసు చివుక్కుమంటుంది. వేసుకున్నవాళ్ళని ఆపి "ఏదీ, మూడు పాటలు చెప్పు" అని పరీక్ష పెట్టేవాళ్ళూ ఉన్నారు. నన్నడిగితే ఆ పరీక్ష అనవసరం. పాట చేరని చోటికి ఈ చొక్కా చేరింది. ఎవరో ఒకరు "ఈ నలుగురూ ఎవరు?" అని వెతికితే పాట కూడా చేరుతుంది. మీ దగ్గర ఆ చొక్కా ఉంటే ఈ రాత్రి ఆ మొదటి ఆల్బమ్ వినండి. అరగంట కూడా పట్టదు.

ఇంకో మాట. మీ ఊళ్ళో చిన్న బ్యాండ్ ఏదైనా షో చేసి, బయట బల్ల మీద నాలుగు టీషర్టులు పెట్టుకుంటే, వీలైతే ఒకటి కొనండి. ఆన్‌లైన్‌లో మీరు ఎన్నిసార్లు విన్నా వాళ్ళకి వచ్చేది పైసల్లోనే. ఆ బల్ల దగ్గర ఇచ్చిన డబ్బు మాత్రం నేరుగా వాళ్ళ చేతిలో పడుతుంది. ఇంటికొచ్చాక చొక్కాని తిరగేసి చన్నీళ్ళలో ఉతకండి, బొమ్మ మీద ఇస్త్రీ పెట్టకండి. లోపలి లేబుల్ మీద పెన్నుతో ఊరు, తేదీ, ఎవరితో వెళ్ళారో రాసి పెట్టండి. ఇరవై ఏళ్ళ తర్వాత బొమ్మ వెలిసిపోయినా, ఆ పక్కన నిలబడి పాడిన ఫ్రెండ్ పేరు ఉంటుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.