వీసా యను మాట

హైదరాబాదునందలి హైటెక్ సిటీ ప్రాంతమున వీసా యను మాట వినబడని యిల్లు నేడు లేదు. మన ముసలమ్మలకును అది తెలుగుమాటయే యైనది. కాని దాని యర్థమెట్టిదో విచారించువారు అరుదు.

ఇది ఫ్రెంచివారి దౌత్యవ్యవహారమునుండి ఇంగ్లీషులోనికి, అందుండి మనకు వచ్చిన పదము. మూలము లాటిను, అర్థము 'చూడబడినది' అని మాత్రమే. ప్రయాణికుని పత్రమును అధికారి పరిశీలించి, చూచితినని దానిపై పెట్టెడి గుర్తే వీసా.

1914కు పూర్వము ఐరోపాలో పెక్కుదేశములకు పాసుపోర్టు లేకయే పోగలిగెడివారు. మొదటి ప్రపంచయుద్ధముతో ఆ స్వేచ్ఛ యంతరించెను. వలస రాదలచినవారు విదేశములందలి తమ కాన్సలు కడనే ముందుగా వీసా పొందవలెనని 1924లో అమెరికా చట్టము విధించెను. అంతకు మునుపే 1917 చట్టము భారతీయుల వలసకు తలుపు మూసియుండెను. 1946లో ఏటికి నూఱుమందికి మాత్రము దానిని తెఱచిరి. 1965 చట్టముతో జాతులవారి పరిమాణములు తొలగినవి. 1990 చట్టమువలన హెచ్-1బి తరగతి యేర్పడెను. 1998లో మాదాపూరున సైబర్ టవర్సు వెలసెను. మన యువకుల ప్రయాణములు నానాట హెచ్చినవి. వీసాకై చెన్నపట్టణము పోవు శ్రమ తప్పునట్లు 2008లో బేగంపేట పైగా ప్యాలెసున అమెరికా కాన్సులేటు నెలకొని, మఱుసటి యేట వీసాల నొసగసాగెను; 2023లో నానక్‌రామ్‌గూడకు తరలెను.

ఇంత చరిత్ర నడచినను పదార్థము మాఱలేదు. నేటికిని అమెరికా వీసా ప్రవేశమునకు పూచీ కాదు. అచ్చట దిగినపిమ్మట అధికారి చేయునదే తుది నిర్ణయము.

మన గృహములలో మాత్రము అది సర్వమునకు పూచీ యైనది. పెండ్లిచూపులలో వరుని గుణమును, ఆరోగ్యమును, అప్పులను అడుగుటకు ముందే వీసా యడుగుచున్నాము. వరకట్నము 1961లోనే నిషేధింపబడినను, వీసానుబట్టి దాని మొత్తము పెరుగుట యెఱుగనివారెవరు? వెంట పోవు వధువు హెచ్-4 యను ఆశ్రితుల వీసాపై పోవును. ఆమె యింజనీరైనను, 2015 మే నెలవఱకు ఆ వీసాపై ఉద్యోగము చేయు ననుమతి లేకుండెను. అప్పుడైనను గ్రీన్ కార్డు దారిలో కొంత నడచినవారి భార్యలకే యది లభించెను. భర్త వీసా పోయినచో ఆమెదియు పోవును. సొంత సంపాదన లేక పరదేశముననున్న యా పడుచునకు భర్త దుష్టుడైనచో దిక్కెవరు?

కాన్సలు చూచినది ప్రయాణమునకు వలసిన యర్హతను. కాపురమునకు వలసిన యర్హతను కాదు. అతడు చూచితినని ముద్ర వేసినంతనే మనము కన్నులు మూసికొనరాదు. పిల్లనిచ్చు తలిదండ్రులు తామే చూడవలెను, పిల్లయు చూడవలెను. తన వీసా తన్నేమి చేయనిచ్చునో, యేమి చేయనీయదో ప్రయాణమునకు ముందే చదివి తెలిసికొనవలెను.

మన భాషలో వీసమనగా పదునాఱవ పాలు. పెండ్లి నిర్ణయములో వీసాకు అంతకు మించిన పాలు వలదని మా మనవి.