చక్రం వెడల్పు: చల్క నేల నుంచి కరిగెట దాకా

బండి చక్రం ఎంత వెడల్పుండాలో వడ్రంగి ఒక్కడే తేల్చేది కాదు. ఊరి నేల, మోయాల్సిన బరువు, ఎడ్ల సత్తువ కలిసి తేల్చేవి. తెలంగాణ పల్లెల్లో తిరిగిన పాత ఎడ్లబండి చక్రం తుమ్మ కర్రతో చేసింది. నడుమ కుంద, దాని చుట్టూ ఆకులు, వాటి కొసలను కలిపే పూటీలు, అన్నిటి మీద ఇనుప పట్టా. ఎత్తు మనిషి రొమ్ము దాకా వచ్చేది. నేలను తాకే అంచు మాత్రం రెండంగుళాలకు కాస్త అటూ ఇటూ.

ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ అనే ఈ పొందిక వెనక గట్టి లెక్కే ఉంది. ఎత్తైన చక్రం గుంతలనూ రాళ్లనూ సులువుగా దాటుతుంది. సన్నటి అంచుకు కర్ర, ఇనుము తక్కువ పడతాయి కాబట్టి బండి తేలిక. హైదరాబాదు చుట్టుపక్కల ఎర్ర చల్క నేలల్లో పైపొర పలచన, కింద మొరం. వాన పడ్డాక సన్నటి చక్రం పై బురదను కోసుకుంటూ పోయి కింది గట్టి పొర మీద నిలబడుతుంది. వెడల్పాటి చక్రమైతే ఆ బురదను ముందుకు నెట్టుకుంటూ పోవాలి, ఆ నెట్టుడు భారమంతా ఎడ్ల మెడ మీదే పడుతుంది. నల్లరేగడిలో మాత్రం ఈ ఉపాయం పారదు. అక్కడ చక్రానికి అందే లోతులో గట్టి పొర ఉండదు. చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది, జిగురుమట్టి ఆకుల మధ్య పేరుకుంటుంది. రేగడి ఊళ్లలో వాన వెలిసి దారి ఆరేదాకా బండి కట్టకపోవడమే తెలివి.

పట్టా ఎక్కించే పద్ధతి కూడా వెడల్పుకు హద్దు పెట్టింది. పట్టాను పూటీల చుట్టుకొలత కన్నా కొంచెం తక్కువగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. వేడికి సాగిన పట్టాను చక్రానికి తొడిగి వెంటనే నీళ్లు పోస్తే, అది కుదించుకుని కీళ్లన్నిటినీ బిగిస్తుంది. పట్టా వెడల్పయ్యేకొద్దీ ఇనుము ఖర్చు, బరువు, కొలిమి పని అన్నీ పెరుగుతాయి.

పొలం దారిలో నప్పిన ఈ చక్రం కంకర రోడ్డుకు శత్రువైంది. టన్ను బరువున్న బండిలో ఒక్కో చక్రం మీద అర టన్ను పడుతుంది. గట్టి నేల మీద ఇనుప పట్టా తాకే చోటు పది పదిహేను చదరపు సెంటీమీటర్లకు మించదు. అంటే చదరపు సెంటీమీటరుకు ముప్పై, నలభై కిలోల పైమాటే. కంకర పొడి కావడానికి, గాళ్లు పడటానికి అది చాలు. ఈ తగాదా ఒక్క మన దేశానిది కాదు. బరువు బండ్లకు తొమ్మిదంగుళాల వెడల్పు చక్రాలు ఉండాలని ఇంగ్లండులో 1753లోనే చట్టం చేశారు. 

నిజాం రాజ్యంలో రైలు, బస్సు వచ్చాక ఈ సమస్య మరింత కళ్లకు కట్టింది. కాచిగూడ స్టేషన్ కట్టింది 1916లో. అక్కడి నుంచి పాతబస్తీ అంచున ఉప్పుగూడ, ఫలక్‌నుమాల మీదుగా లైను మహబూబ్‌నగర్ వైపు సాగింది. రైలు ఎంత దూరం పోయినా, ఊరి నుంచి స్టేషనుకూ స్టేషను నుంచి గంజుకూ సరుకు చేర్చింది ఎడ్లబండే. 1932లో నిజాం రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. అప్పటి నుంచి ఒకే రోడ్డును గాలి టైరూ ఇనుప పట్టా పంచుకున్నాయి. రెండోది చేసిన గాళ్లలో మొదటిది ఎగిరెగిరి పడేది.

గాలి టైరుకు రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే పేటెంటు తీసుకున్నా, దాన్ని వాడుకలోకి తెచ్చింది 1888లో బెల్‌ఫాస్టులో జాన్ బాయ్డ్ డన్‌లప్. ఆయన పేరు పెట్టుకున్న కంపెనీ బెంగాల్‌లోని సాహాగంజ్‌లో 1936లో కర్మాగారం తెరిచింది. తెలుగు ఊళ్లలో రబ్బరు చక్రాల ఎడ్లబండికి ఇప్పటికీ డన్‌లప్ బండి అనే పేరు, టైరు ఏ కంపెనీదైనా సరే. ఈ బండిలో చక్రం పొట్టిదైంది, వెడల్పు పెరిగింది, ఇరుసులోకి బేరింగులు వచ్చాయి. అదే అర టన్ను బరువును చదరపు సెంటీమీటరుకు మూడు కిలోల గాలి మోస్తే, నేల మీద దాదాపు నూట అరవై ఐదు చదరపు సెంటీమీటర్ల అచ్చు పడుతుంది. రోడ్డు బతికిపోయింది, ఎడ్లకూ లాగుడు తేలికైంది. అడ్డు వచ్చినవి ధర, తుమ్మ ముళ్లు. పాత కర్ర చక్రానికి పంక్చరనేది లేదు.  చేను దారిన రోజూ తిరిగే బండికి ఈ చిక్కులు పెద్దవే.

పొలంలో అసలు మలుపు 1932లో అమెరికాలో వచ్చింది. అలిస్ చామర్స్ కంపెనీ తన ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తీసి, ఫైర్‌స్టోన్ విమానం టైర్లు తొడిగి, చదరపు అంగుళానికి పదిహేను పౌండ్ల గాలితో దున్ని చూపించింది. నేల మీద టైరు మోపే ఒత్తిడి దాదాపు లోపలి గాలి ఒత్తిడంతే ఉంటుంది. గాలి తగ్గిస్తే అచ్చు పెరుగుతుంది. అయితే అది అడ్డంగా కన్నా పొడవుగా ఎక్కువ పెరుగుతుంది. వెడల్పు టైరు వేస్తేనే మెత్తని నేల మోస్తుందన్న నమ్మకంలో సగమే నిజం ఉంది. మిగతా సగం పని గాలి చేస్తుంది.

తక్కువ గాలితో నడిచే టైరుకు రిమ్ము కొలత ప్రాణం. 13.6-28 అని రాసి ఉన్న వెనక టైరు వెడల్పు 13.6 అంగుళాలు. దానికి సరిపోయే రిమ్ము పన్నెండంగుళాలది. 12.4-28కి పదకొండు. టైరు కన్నా రిమ్ము ఎప్పుడూ కొంచెం సన్నగానే ఉంటుంది. రిమ్ము మరీ వెడల్పైతే టైరు పక్కగోడలు నిటారుగా సాగుతాయి. గాలి తక్కువున్నప్పుడు మలుపులో పక్క తోపుడు తగిలితే టైరు అంచు రిమ్ము నుంచి ఊడి వస్తుంది. గోడల ఉబ్బు లేకపోవడంతో రిమ్ము నేరుగా రాళ్లకు తగులుతుంది. రిమ్ము సన్నబడితే అంచు గట్టిగా పట్టుకుంటుంది, గోడలు బయటికి ఉబ్బి రిమ్మును కాపాడతాయి. కానీ మరీ సన్నదైతే నడుమ భాగమే నేలను తాకి అరుగుతుంది, రోడ్డు మీద వాహనం ఊగుతుంది. ట్యూబున్న టైరులో ఇంకో ప్రమాదం ఉంది. గాలి మరీ తగ్గిస్తే రిమ్ము తిరిగినంత టైరు తిరగదు. వెనకబడిన టైరు ట్యూబును లాక్కుపోయి వాల్వు దగ్గర తెంపుతుంది. రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపుకు ఆరంగుళాల టైరు, నాలుగున్నర అంగుళాల రిమ్ము. గాలి పోయినా టైరు ఊడకుండా ఆ రిమ్మును రెండు ముక్కలుగా చేసి బోల్టులతో బిగించారు.

వరి మడి దగ్గర ఈ లెక్కంతా తారుమారైంది. నిజామాబాదు, కరీంనగర్ వైపు కరిగెట అనీ గోదావరి డెల్టాలో దమ్ము అనీ పిలిచే బురద దున్నకంలో బంకమట్టి టైరు గాడులను నింపేస్తుంది. ఇక టైరు నున్నటి గుండైపోయి ఉన్నచోటే తిరుగుతుంది. గాలి ఎంత తగ్గించినా లాభం లేదు. అందుకే ఇనుము మళ్లీ పొలంలోకి వచ్చింది, ఈసారి ఇనుప పట్టీల పంజరం లాంటి కేజ్ వీల్ రూపంలో. టైరు తీసేసి పెట్టేవి ఫుల్ వీల్స్, టైరు పక్కన బిగించేవి హాఫ్ వీల్స్. పట్టీల మధ్య ఖాళీ కాబట్టి మట్టి జారిపోతుంది, పట్టీలు పొలాన్ని కలియదొక్కి దమ్ము పని కూడా చేసిపెడతాయి. అవే చక్రాలతో ట్రాక్టరు తారురోడ్డెక్కితే పాత గాళ్ల తగాదా మళ్లీ మొదలవుతుంది. కేజ్ వీల్స్‌తో రోడ్డు మీదికి రావద్దని అధికారులు హెచ్చరించడం, జరిమానాలు వేయడం తెలంగాణలో నాట్ల కాలపు వార్త.

మిరప, పత్తి చేలల్లో మళ్లీ సన్నటి టైరుకే విలువ. అక్కడ వెడల్పును తేల్చేది సాళ్ల మధ్య ఎడం. ఇక ట్రాక్టరు, టైరు రెండూ ఇక్కడే తయారవుతున్నాయి: జహీరాబాదులో 2013 నుంచి మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం, సదాశివపేట దగ్గర ఎంఆర్‌ఎఫ్ టైర్ల కర్మాగారం నడుస్తున్నాయి. సరుకు ఇంత దగ్గర దొరుకుతున్నా గాలి సంగతి మాత్రం వాడకంలో వెనకబడే ఉంది. దున్నేటప్పుడు పన్నెండు పౌండ్లు చాలే టైరుకు, అదే రోజు ఇసుకో ఇటుకో తోలాలి కాబట్టి రోడ్డు గాలే ఉంచేస్తారు. పట్టు కోసం ట్యూబులో నీళ్లు నింపుతారు. బరువుతో పట్టు దొరుకుతుంది, నేల మాత్రం గట్టిపడుతుంది. ట్రాలీ టైర్లు సన్నవి, వాటిలో గాలి ఎక్కువ. అందువల్ల ట్రాక్టరు దాటిన తడి మడిలో ట్రాలీ దిగబడుతుంది. వరి కోతలప్పుడు ట్రాలీని గట్టు మీదే ఆపుతారు, చైన్ల మీద నడిచే కోత మిషనే మడిలో నుంచి ధాన్యం తెచ్చి అందులో పోస్తుంది.