మత్తడి గీసిన హద్దు

కాకినాడ పక్కన కోరింగ మడ అడవులకు ప్రభుత్వం 1978లో అభయారణ్యంగా హద్దు గీసింది. సముద్రం ఊసే లేని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో చెరువు నీటికి హద్దూ, ఆ హద్దుకు కాపలా కూడా అంతకు ఎన్నో తరాల ముందే ఉన్నాయి. ఆ హద్దు లోపలి నేల పేరు శిఖం. కాపలాదారు నీరటి.

చెరువు హద్దు మత్తడి దగ్గర, అంటే మిగులు నీరు పొర్లిపోయే చోట, పుడుతుంది. మత్తడి అంచు దాకా నీరొస్తే చెరువు నిండినట్టే. మిగిలింది అలుగు పారి గొలుసుకట్టులో కింది చెరువుకు చేరుతుంది. నిండినప్పుడు నీరు పరుచుకునే నేలంతా శిఖం. ఇప్పుడు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) అంటున్నది ఈ నిండు మట్టాన్నే. మత్తడి తగ్గిస్తే ఆయకట్టు ఎండుతుంది, పెంచితే ఎగువ పొలాలు మునుగుతాయి. అందుకే అది ఏ ఒక్కరి ఇష్టానికీ వదిలేది కాదు.

కాపలాకు కూలి కూడా చెరువు నుంచే వచ్చేది. చెరువు తవ్వించి నిలబెట్టినవారికి దాని కింది భూమిలో పదో వంతు ఇచ్చే దశబంధం కాకతీయుల నాటి శాసనాల్లో కనిపిస్తుంది. తర్వాతి కాలాల్లో తూము తీసి మూసేది, మడిమడికీ నీళ్లు పంచేది, వానరాత్రి కట్టకు గండి పడకుండా కాసేది నీరటి. అతనికి రైతులు కళ్లం దగ్గరే వడ్లు కొలిచేవారు. చేపలు పట్టే హక్కు ముదిరాజులదీ, గంగపుత్రులదీ. కట్ట మీద కాపుండేది గ్రామదేవత కట్టమైసమ్మ. ఉమ్మడి వనరులను జనమే కాపాడుకోగలరని నిరూపించి 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, అందుకు కావలసిన సూత్రాల్లో స్పష్టమైన హద్దును మొదట చెప్పారు. ఈ ఊళ్లలో అది మత్తడి రూపంలో ముందే ఉంది.

బోర్లు వచ్చాక చెరువు మీద ఆధారం తగ్గింది. నీరటికి కొలిచే గింజలూ తగ్గాయి. కాపలా సడలిన చోట శిఖం కరిగింది. నీళ్లు తగ్గినప్పుడు పంట వేసుకోవడానికే పనికొచ్చే శిఖం పట్టా భూముల్లో కొన్నిచోట్ల మట్టి పోసి చదును చేశారు.

నష్టం నీటికే కాదు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమట్ట గుడ్లు పెట్టేది గడ్డి మొలిచిన లోతు తక్కువ నీళ్లలో, అంటే చెరువు అంచున. ఆ అంచును పూడిస్తే చేప పుట్టే చోటే పోతుంది. ప్రభుత్వం ఏటా వదిలే చేపపిల్లలు ఆ లోటు తీర్చలేవు.

చట్టాలకు కొదవ లేదు. 1997లో నీటి వినియోగదారుల సంఘాలు, 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చాయి. 2012 నాటి ప్రభుత్వ ఉత్తర్వు పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల చుట్టూ 30 మీటర్లు, చిన్నవాటి చుట్టూ 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలమంది. 2015లో 46,531 చెరువుల పునరుద్ధరణ లక్ష్యంతో మిషన్ కాకతీయ మొదలైంది. అందులో తీసిన పూడికమట్టిని రైతులే తమ ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. లాభం కనబడితే జనం తామే కదులుతారనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇక మిగిలింది ఆ కదలికను హద్దు మీదికి మళ్లించడం. ఎండాకాలంలో చెరువు అడుగంటినప్పుడే సర్వేయర్‌తో పాటు ఆయకట్టు రైతులు, మత్స్య సహకార సంఘం సభ్యులు, శిఖం పట్టాదారులు కలిసి హద్దు రాళ్లు పాతించాలి. శిఖం పటాన్ని గ్రామపంచాయతీ గోడకు వేలాడదీయాలి. నీరటికి నెలనెలా జీతమివ్వాలి. వానలు పడకముందే ప్రతి ఊరూ ఈ మూడు పనులూ చేసుకోవాలి.