జైలు గేటు దాటాక: నెల్లూరు తీరంలో నూరేళ్ల ప్రయత్నాలు

గూడూరు లాంటి తాలూకా ఊళ్లలోని సబ్‌జైళ్లలో పేరుమోసిన నేరగాళ్లు ఉండరు. రిమాండు మీద వచ్చి, బెయిలు కాగితాలు అందగానే వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. కొట్లాట, చిల్లర దొంగతనం, నాటుసారా, గంజాయి వంటి కేసులు. లోపల ఉండేది కొన్ని వారాలో, కొన్ని నెలలో. కానీ ఆ కాస్త కాలానికే బాడుగ ఇల్లు చేజారిపోతుంది. నిమ్మతోటలోనో రొయ్యల గుంటల దగ్గరో ఉన్న పనిలో వేరొకరు చేరిపోతారు. లోపల గత్యంతరం లేక మానిన మందు బయట బెల్టు షాపులో సిద్ధంగా ఉంటుంది. ఇల్లు, పని, మందు మాన్పించడం, ఈ మూడింటినీ కలిపి పట్టించుకునే పద్ధతి మన దగ్గర ఎన్నడూ కుదురుకోలేదు. విడివిడిగా మాత్రం ఒక్కోదాన్ని ఒక్కో కాలంలో ఎవరో ఒకరు తలకెత్తుకున్నారు. ఆ చరిత్రలో పెద్ద భాగం ఈ తీరంలోనూ దీని పొరుగునా జరిగిందే.

మొదలు ఉప్పు దగ్గరుంది. తీరంలో పండిన ఉప్పును ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకుని మెట్ట ఊళ్లకు చేర్చి, బదులుగా ధాన్యం తెచ్చుకోవడం ఎరుకల కుటుంబాలకు బతుకుతెరువుగా ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో ఉప్పు సర్కారు గుత్తాధిపత్యంలోకి పోయింది. రైళ్లు వచ్చి సరుకు రవాణాను మింగేశాయి. వెదురు, కట్టెలు తెచ్చుకునే అడవులకు చట్టాల కంచె పడింది. బతుకు పోయినవాళ్లు ఊరూరా తిరుగుతుంటే, ఆ తిరగడమే నేరమంది ప్రభుత్వం. ఈ క్రమాన్ని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చూపించారు. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థ జాతుల చట్టం 1911 సవరణతో మద్రాసు రాజధానికీ వచ్చింది. కోర్టులో నేరం రుజువు కాకపోయినా, ఫలానా కులంలో పుట్టినందుకే వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు వేయించుకోవాలి.

ఆ చట్టం నీడలోనే సెటిల్మెంట్లు వెలిశాయి. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఎరుకల సెటిల్మెంటు నడిపింది. దాన్ని చాలాకాలం చూసుకున్నది శామ్యూల్ బాడెన్ అనే మిషనరీ. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ స్టువర్టుపురాన్ని స్థాపించింది. మద్రాసు గవర్నరు మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరే దానికి పెట్టారు. ఆ సంస్థను భారతదేశానికి తెచ్చిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్, నేరం ఒక రోగమని, దానికి చికిత్స ఉందని నమ్మినవాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. జైలు నుంచి వచ్చినవాడికి సెటిల్మెంటులో గుడిసె ఉంది, పని ఉంది, పిల్లలకు బడి ఉంది. మద్యం మానాలన్న ఒత్తిడీ ఉంది. కాగితం మీద చూస్తే ఈనాటి నిపుణులు కోరేవన్నీ అక్కడ ఉన్నట్టే. లేనిది ఒక్కటే, వెళ్లిపోయే హక్కు. పాసు లేకుండా పొలిమేర దాటితే మళ్లీ జైలే. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి హాస్టళ్లలో ఉంచారు. స్టువర్టుపురం మనుషుల్ని చీరాలలోని ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీకి కూలీలుగా పంపారు. సీతానగరంలోని మరో సెటిల్మెంటు వాళ్లు రాళ్లు కొట్టారు. కదలడానికి వీల్లేని, కూలి గురించి నోరెత్తలేని పనివాళ్లు దొరకడం యజమానులకు ఎంత లాభమో చెప్పనక్కర్లేదు. కొందరు మిషనరీల దయ నిజమైనదే కావచ్చు. అయినా స్వేచ్ఛను తీసుకుని ఇచ్చిన ఇల్లు, ఇల్లు కాదు. ఈ పాఠాన్ని మనకు ఆ సెటిల్మెంట్ల కన్నా స్పష్టంగా ఏదీ చెప్పలేదు.

ఇదే కాలంలో ఇంకో ఆలోచనా పుట్టింది. మద్రాసులో పనిచేసిన అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన 1919–20లో భారత జైళ్ల కమిటీ పర్యటించింది. జైలు ఉన్నది మనిషిని మార్చడానికని, విడుదలైనవాడికి అండ దొరకకపోతే లోపల చేసినదంతా వృథా అని ఆ కమిటీ ఎత్తిచూపింది. చిన్న నేరాలకు జైలు బదులు పర్యవేక్షణ చాలన్న మద్రాసు ప్రొబేషన్ చట్టం 1936 నాటిది.

సెటిల్మెంట్ల మీద నెల్లూరు నుంచే గట్టి గొంతు లేచింది. వెన్నెలకంటి రాఘవయ్య తన జీవితాన్ని యానాదులకు, ఎరుకలకు ధారపోసిన మనిషి. నేరస్థ జాతుల చట్టాన్ని తీసేయాలని పోరాడారు, యానాదుల మీద, సంచార జాతుల మీద పుస్తకాలు రాశారు. 1973లో పద్మభూషణ్ అందుకున్నారు. గూడూరు, కోట, సూళ్లూరుపేట ప్రాంతాల్లో చెరువు గట్ల మీద బతికే యానాదుల కష్టాన్ని లోకం ముందు పెట్టినవాళ్లలో ఆయనదే ముందు పేరు. మద్రాసు రాష్ట్రంలో చట్టం 1947లో రద్దయింది, దేశమంతటా 1952లో. కానీ 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1962లో తన చట్టం చేసుకుంది. కులం పేరు చట్టంలోంచి పోయింది. సస్పెక్టు షీటు మాత్రం పోలీసు స్టేషన్లో ఉండిపోయింది. రాత్రిళ్లు తలుపు తట్టే పోలీసు ఉన్నంతకాలం ఏ యజమాని పనిస్తాడు, ఏ ఇంటివాళ్లు గది అద్దెకిస్తారు?

స్వతంత్రం వచ్చాక దిల్లీలో కమిటీలకు కొదవ లేదు. విడుదలైనవారి సంరక్షణ మీద ఎం.ఎస్. గోరే అధ్యక్షతన 1954లో ఒక సలహా సంఘం కూర్చుంది. 1958లో దేశమంతటికీ ప్రొబేషన్ చట్టం వచ్చింది. 1980–83 మధ్య జైళ్ల సంస్కరణల మీద ముల్లా కమిటీ అవే మాటలు మరింత గట్టిగా చెప్పింది. మన దగ్గర మౌలాలిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం, 1965లో అనంతపురం బహిరంగ జైలు వచ్చాయి. ఇవి మంచి ప్రయోగాలు. అయితే అన్నీ దీర్ఘకాలం శిక్షపడ్డ వాళ్లకే.

1970లలో స్టువర్టుపురానికి వేరే రకం మనుషులు వెళ్లారు. నాస్తికవాది గోరా కుమారుడు లవణం, కవి జాషువా కుమార్తె హేమలత. వినోబా, జయప్రకాశ్‌ల ముందు చంబల్ బందిపోట్లు లొంగిపోవడం ఆ కాలానికి స్ఫూర్తి. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు కాలంలో ప్రభుత్వం తోడ్పడింది. సంస్కార్ సంస్థ ద్వారా వాళ్లు ఇళ్లకు వెళ్లారు, ఆడవాళ్లతో కూర్చున్నారు, జైల్లో ఉన్నవాళ్లతో మాట్లాడారు, పోలీసులతో వాదించారు. సెటిల్మెంటు వేసిన ముద్రను చెరపాలంటే ముందు మనిషిని మనిషిగా నమ్మాలని చేసి చూపించారు. నా దృష్టిలో తెలుగునాట ఈ రంగంలో జరిగిన అతి విలువైన పని అదే. దాన్ని జిల్లా జిల్లాకూ పట్టుకెళ్లేవాళ్లు లేకపోవడమే మన నష్టం.

మందు సంగతి మళ్లీ నెల్లూరు ఆడవాళ్లే ఎత్తారు. 1992లో దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న రోశమ్మ, ఆమె తోటివాళ్లు సారా అంగడి మూయించారు. జిల్లా అంతా అంటుకుంది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. అంగడి మూయించిన ఆ ఉద్యమానికి తోడుగా, అలవాటు పడ్డ శరీరానికి వైద్యం ఊళ్లలోకి రావాల్సింది. రాలేదు. చాలాకాలం డబ్బున్నవాళ్లు మద్రాసులో శాంతి రంగనాథన్ 1980లో మొదలుపెట్టిన టీటీకే ఆసుపత్రి దాకా వెళ్లారు. కూలివాడికి ఆ దారి లేదు. రోజూ తాగేవాడికి అరెస్టుతో మందు ఒక్కసారిగా ఆగిపోతే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అది వైద్యుడు చూడాల్సిన సంగతి. ఆ గండం గడిచాక శరీరం కుదుటపడిన మనిషిని, మందు మానడానికి అంతకన్నా మంచి అవకాశం రాని వేళ, ఒంటరిగా రోడ్డు మీద వదిలేస్తున్నాం.

1841లో బోస్టన్‌లో జాన్ అగస్టస్ అనే చెప్పుల వ్యాపారి చేసింది ఇక్కడ చెప్పుకోవాలి. కోర్టులో నిలబెట్టిన ఒక తాగుబోతుకు తానే జామీను ఉన్నాడు. తాగనని మాట తీసుకున్నాడు. మూడు వారాల తర్వాత ఆ మనిషి కోర్టుకొచ్చినప్పుడు గుర్తుపట్టడమే కష్టమైందట. అగస్టస్ చనిపోయేలోగా అలా దాదాపు రెండు వేల మందికి జామీను పడ్డాడు. వాళ్లకు బస, పని కూడా వెతికిపెట్టాడు. ప్రొబేషన్ వ్యవస్థకు మూలం ఆయనే. జామీను, మందు, ఇల్లు, పని ఒకే చేతిలో ఉండటమే అక్కడి కిటుకు.

మన దగ్గర జామీను దగ్గరే ఆగిపోతుంది. బెయిలు వచ్చినా పాసుపుస్తకమో ఇంటిపన్ను రసీదో పట్టుకొచ్చే జామీనుదారు ఉండాలి. చెరువు గట్టు మీది యానాదికి ఎవరొస్తారు? 2022 చివరికి దేశంలోని 5.73 లక్షల ఖైదీల్లో దాదాపు 76 శాతం విచారణ ఖైదీలే. 2023లో కేంద్రం పేద ఖైదీల పథకం తెచ్చింది. మొదట్లో బెయిలుకు 40 వేల రూపాయల దాకా, జరిమానాకు 25 వేల దాకా సాయం అందులో పెట్టారు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్యా శాంత కేసులో, జైలు నిబంధనల్లోని కుల వివక్షను, ఒకప్పుడు నేరస్థ జాతులనిపించుకున్న విముక్త జాతులను అలవాటు నేరస్థులుగా చూడటాన్ని కొట్టేసింది. ఆ కేసులో నోటీసులు అందుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

గూడూరుకూ నెల్లూరుకూ మధ్య చెముడుగుంటలో కేంద్ర కారాగారం ఉంది. ఏర్పాట్లు ఏమైనా వస్తే ముందు అక్కడికే వస్తాయి. సబ్‌జైలు నుంచి నలభై రోజులకు బయటపడే మనిషి ఏ పథకం లెక్కలోనూ ఉండడు. అతనికి పెద్ద సంస్థ అక్కర్లేదు. కస్టడీలో ఉన్న ప్రతివారికీ ఉచిత న్యాయసాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. మండల న్యాయసేవా కమిటీ పారాలీగల్ వాలంటీరు వారానికోసారి సబ్‌జైలుకు వెళ్లి, ఎవరికి ఇల్లు లేదో, ఎవరికి జామీను లేదో, ఎవరికి మందు మాన్పించే వైద్యం కావాలో రాసుకుంటే చాలు, పని మొదలవుతుంది. మందు మానాలనుకునే వాళ్లకు 14446 ఉచిత ఫోను ఉంది. ఆ నంబరు సబ్‌జైలు గోడ మీద తెలుగులో పెద్దక్షరాలతో రాయించాలి. నిమ్మకాయల మార్కెట్ వర్తకులు, రొయ్యల రైతులు ఒక్కొక్కరు ఒక్క మనిషికి పని ఇవ్వడానికి ఒప్పుకోవాలి. గూడూరు న్యాయవాదులూ డాక్టర్లూ వర్తకులూ కలిసి కూర్చుని ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలని నా విన్నపం.