అన్నవరం పీటల మీద నాలుగేళ్ళ పిల్లలు

మా గోదావరి వైపు పెళ్ళయితే కొత్త జంట అన్నవరంలో సత్యనారాయణ వ్రతం చేసుకోవాల్సిందే. పీటల మీద కూర్చునేది ఇద్దరే, కానీ ఇద్దరి చిన్నతనాలూ పక్కనే కూర్చుంటాయని నాకనిపిస్తుంది.

ఈ సంగతిని సిద్ధాంతంగా చెప్పినవాడు జాన్ బౌల్బీ (1907-1990) అనే లండన్ డాక్టరు. తనని పెంచిన ఆయా వెళ్ళిపోయేసరికి ఆయనకి దాదాపు నాలుగేళ్ళు. తల్లి పోయినంత దుఃఖం అని తర్వాత చెప్పుకున్నాడు. పసిబిడ్డకి తెగిపోని ఒక బంధం కావాలని 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి నివేదిక ఇచ్చాడు. 1987లో హేజన్, షేవర్ అనే అమెరికన్ సైకాలజిస్టులు అదే లెక్కని ప్రేమికులకీ, దంపతులకీ వర్తింపజేశారు. కొందరు భాగస్వామిని నిశ్చింతగా నమ్ముతారు, కొందరు వదిలేస్తారేమోనని భయపడతారు, కొందరు దగ్గరికే రానివ్వరు.

మరి చిన్నప్పుడు దెబ్బ తింటే జీవితం అంతేనా? కాదనడానికి మన రాజమండ్రి కందుకూరి వీరేశలింగం (1848-1919) గారున్నారు. నాలుగేళ్ళకే తండ్రి పోతే పెదనాన్న చేరదీశారు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించినందుకు వంటవాళ్ళు, నీళ్ళవాళ్ళు మానేస్తే, భార్య రాజ్యలక్ష్మి గారే వండి, గోదావరి నుంచి నీళ్ళు మోశారు. ఆ కాపురానికి చిన్ననాటి లోటు అడ్డం కాలేదు.

ఇక మన సంగతి. బిడ్డని అమ్మమ్మ దగ్గర వదిలి ఆన్‌సైట్ వెళ్ళడం తప్పని నేననను. అమ్మమ్మ చెయ్యీ గట్టిదే. కానీ రెండేళ్ళ తర్వాత వచ్చి ఒక్కసారిగా బిడ్డని తీసుకుపోతే, బౌల్బీకి ఆయా దూరమైనట్టే ఆ బిడ్డకి అమ్మమ్మ దూరమవుతుంది. ఆ నెల రోజులైనా ముగ్గురూ కలిసి ఉండి, మెల్లగా చెయ్యి మారిస్తే బాగుంటుంది కదా!